మిద్దె మీది ఎండ, నీడ, నీళ్లు: సోలార్ ప్యానెళ్లనూ కూరగాయల తోటనూ ఒకే స్లాబు మీద పెట్టుకునే విధానం

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఇల్లు కట్టుకున్నవారు స్లాబు పైభాగాన్ని సాధారణంగా రెండు పనులకే వాడుతారు: నీళ్ల ట్యాంకు పెట్టుకోవడానికి, ఎండకాలంలో మిరపకాయలు, వడియాలు ఆరబోసుకోవడానికి. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండ పగలంతా ఆ స్లాబులోకి దిగి, నడిరాత్రి వరకూ కింది గదుల్లోకి సెగ వదులుతూనే ఉంటుంది. ఆ ఎండతో కరెంటు తయారు చేసుకోవచ్చునని, ఆ స్లాబు మీదనే ఇంటికి సరిపడా ఆకుకూరలు, కూరగాయలు పండించుకోవచ్చునని ఇప్పుడు చాలామందికి తెలుసు. అయితే కరెంటు పని ఒకరికి, తోట పని మరొకరికి, నీళ్ల పైపులు ఇంకొకరికి అప్పగించి, ఆ మూడూ ఒకదానికొకటి అడ్డుపడేలా చేసుకున్న ఇళ్లను నేను ఎన్నో చూశాను. మా ఇల్లూ అందులో ఒకటి.

మేము ప్యానెళ్లు పెట్టించినప్పుడు, పనికి వచ్చినవారు వాటిని స్లాబు నడిమధ్యన, నేల నుండి అడుగున్నర ఎత్తులో బిగించి వెళ్లిపోయారు. సాయంత్రం మూడు దాటితే పడమటి మూలనున్న నీళ్ల ట్యాంకు నీడ చివరి ప్యానెల్ మీద పడేది. ప్యానెళ్లన్నీ వరుసగా ఒకే తీగకు కలిపి ఉంటాయి కనుక ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. ఆ చట్రం కింద మొక్క పెట్టడానికి కాదు గదా, చీపురు పెట్టి ఊడ్వడానికి కూడా సందు లేకపోయింది. ఎండుటాకులు, మట్టి పేరుకొని వాననీరు అక్కడే నిలిచిపోయేది. రెండేళ్ల తరువాత ఆ చట్రాన్ని విప్పించి, ఎత్తు పెంచి, చోటు మార్పించడానికి మళ్లీ చేతి డబ్బులు పెట్టవలసి వచ్చింది. కాబట్టి ప్యానెళ్ల ధర, కుండీల ధర అడగడానికి ముందే చేయవలసిన పనితో ఈ వివరణ మొదలుపెడుతున్నాను.

ముగ్గుతో నీడను గీయడం

ఒక ఆదివారం ఉదయం పిడికెడు ముగ్గుపిండి తీసుకొని మిద్దె ఎక్కండి. తొమ్మిది గంటలకు పిట్టగోడ నీడ, ట్యాంకు నీడ, మెట్ల గది నీడ, పక్కింటి గోడ నీడ ఎంతవరకు పడుతున్నాయో ఆ అంచుల వెంబడి ముగ్గుతో గీత వేయండి. మధ్యాహ్నం పన్నెండుకు ఒకసారి, మూడింటికి మరొకసారి ఇదే పని చేయండి. మూడు గీతలకూ బయట మిగిలిన చోటే ప్యానెళ్లకు పనికివచ్చే చోటు. ఈ గీతలు డిసెంబరు చివరి వారంలో గాని, సంక్రాంతి లోపు గాని వేసుకుంటే మంచిది, ఎందుకంటే ఏడాది మొత్తంలో నీడలు అప్పుడే అన్నిటికంటే పొడవుగా ఉంటాయి. మన ప్రాంతం 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మూడున్నర అడుగుల పిట్టగోడ నీడ అప్పుడు దాదాపు మూడు అడుగులు ఉత్తరానికి పడుతుంది.

ఎండకాలం సంగతి దీనికి పూర్తిగా వేరు. మే రెండవ వారం వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణంలో నీడే ఉండదు. అక్కడి నుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు కొద్దిగా ఉత్తరం వైపు ఉంటాడు. అంటే వేసవిలో ప్యానెళ్ల నీడ అచ్చంగా వాటి కిందనే పడుతుంది, చలికాలంలో అదే నీడ ఉత్తరానికి జరుగుతుంది. మొక్కలు మాడిపోయే నెలల్లో నీడ దానంతట అదే చట్రం కిందికి చేరడం, మొక్కలకు ఎండ కావలసిన నెలల్లో దక్షిణం నుండి ఏటవాలు ఎండ అదే చట్రం కిందికి దూరడం మన అక్షాంశం ఇచ్చిన వసతి. తోటనూ ప్యానెళ్లనూ కలిపి పెట్టుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదే మొదటి కారణం.

స్లాబు ఎంత బరువు మోస్తుంది

మనుషులు ఎక్కి తిరిగే స్లాబును చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు మోసేలా కట్టాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ప్యానెళ్లు, వాటి ఇనుప చట్రం కలిపి చదరపు మీటరుకు 20 కిలోలకు అటూఇటూగా ఉంటాయి కనుక వాటి బరువు పెద్ద సమస్య కాదు. మట్టితోనే అసలు ప్రమాదం. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న మడిని మామూలు తోటమట్టితో నింపి నీళ్లు పోస్తే అది 400 కిలోలు దాటుతుంది. అంటే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. కొబ్బరి పొట్టు, ఊక, కంపోస్టు కలిపిన తేలిక మట్టి వాడినా అడుగు లోతులో ఆ బరువు 300 కిలోలకు తగ్గదు.

అందువల్ల స్లాబు నడిమధ్యన లోతైన మడులు కట్టకూడదు. ఆకుకూరలకు ఆరు అంగుళాల లోతు చాలు. తేలిక మట్టితో ఆ లోతు మడులు స్లాబు మోయగలిగిన హద్దులోనే ఉంటాయి, అయినా మధ్యమధ్య నడిచే దారులు వదలాలి. వంగ, టమాట, బీర, సొర వంటి వాటికి అడుగు, అడుగున్నర లోతు అవసరం కాబట్టి ఆ డ్రమ్ములను, తొట్లను కింద గోడ గాని బీము గాని ఉన్న చోటనే, పిట్టగోడ వెంబడి వరుసగా పెట్టాలి. బీములు ఎక్కడున్నాయో కింది గదిలో పైకప్పు చూస్తే తెలుస్తుంది. ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిచి చూపించుకోవడం మంచిదే గాని, 25 ఏళ్లు దాటిన ఇల్లయినా, కప్పుకు పెచ్చులు ఊడుతున్నా, ఇనుప చువ్వలు బయటికి కనబడుతున్నా సివిల్ ఇంజినీరు చూసి సరేననే వరకు ఒక్క తొట్టి కూడా ఎక్కించవద్దు. ఈ విషయంలో నాలుగు వేలు మిగుల్చుకోవాలనే ఆలోచన సరికాదు.

బరువుకు ఆగుతుందని తేలాక నీటికి ఆగుతుందో లేదో చూడాలి. స్లాబు మీది తూములకు గుడ్డలు కుక్కి, రెండంగుళాల ఎత్తున నీళ్లు నిలిపి, 48 గంటలు అలాగే ఉంచండి. కింది గదుల కప్పులో చెమ్మ మరకలు ఎక్కడైనా కనబడితే ముందు వాటర్ ప్రూఫింగ్ చేయించాలి. తోట పెట్టిన తరువాత కారడం మొదలైతే కారే చోటు వెతకడం కోసం తోటనంతా ఎత్తవలసి వస్తుంది. తొట్లను ఎప్పుడూ ఇటుకల మీదనో ఇనుప స్టాండ్ల మీదనో నిలపాలి. కింద గాలి ఆడాలి, చీపురు దూరాలి. పిట్టల రెట్టల ద్వారా వచ్చి పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొలకలను రెండాకుల దశలోనే వేళ్లతో సహా పీకెయ్యాలి.

ప్యానెళ్ల అమరిక

ఒక కిలోవాటుకు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. అది మన ఎండకు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. మామూలు కుటుంబానికి 3 కిలోవాట్లు సరిపోతుంది. ఇప్పుడు దొరుకుతున్న 540 వాట్ల రకం ప్యానెళ్లయితే ఆరు పడతాయి. ఒక్కొక్కటి ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు, దాదాపు 28 కిలోల బరువు ఉంటుంది. వీటి ముఖం దక్షిణానికి ఉండాలి, వాలు 15 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ వాలుకు ప్యానెల్ దక్షిణపు అంచుకూ ఉత్తరపు అంచుకూ మధ్య రెండడుగుల తేడా వస్తుంది కనుక దక్షిణపు అంచును ఆరున్నర అడుగుల ఎత్తులో, ఉత్తరపు అంచును ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో పెట్టించుకుంటే కింద మనిషి తల వంచకుండా తిరగవచ్చు.

ఎత్తైన చట్రానికి తక్కువ ఎత్తుదానికంటే ఖర్చు ఎక్కువవుతుంది, అమ్మేవారు దానిని ఒప్పందంలో చేర్చడానికి వెనకాడుతారు. మీరు మాత్రం కాళ్ల ఎత్తు, ఇనుము మందం, గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా వేసే జింకు పూత) ఉన్నదీ లేనిదీ, కాళ్లు నిలిపే చోటు, అన్నీ కాగితం మీద రాయించుకున్న తరువాతే బయానా ఇవ్వండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట లేచే ఈదురుగాలికి రేకుల కప్పులు ఎగిరిపోవడం మనం ఏటా చూస్తూనే ఉన్నాం. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పట్టు పెరుగుతుంది కనుక కాళ్లు కింది కాలమ్‌ల మీదికి, బీముల మీదికి రావాలి. స్లాబుకు లోతుగా రంధ్రాలు వేసి బోల్టులు దింపితే ఆ రంధ్రాల గుండానే చెమ్మ దిగుతుంది. దానికి బదులు అడుగున్నర చదరం కాంక్రీటు దిమ్మెలు పోయించి, అందులో బోల్టులు ముందే నిలిపి, వాటికి కాళ్లను బిగించడం మేలు.

వేడి పెరిగితే ప్యానెల్ ఉత్పత్తి తగ్గుతుందనే సంగతి మన ప్రాంతంవారు తప్పక గుర్తుంచుకోవాలి. 25 డిగ్రీలు దాటిన తరువాత పలక వేడి పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుండి 0.4 శాతం వరకు ఉత్పత్తి పోతుంది. మే నెల మధ్యాహ్నం పలక వేడి 65 డిగ్రీలకు చేరితే నూటికి పన్నెండు, పదిహేను వంతులు అక్కడే పోయినట్లు. కాళ్ల ఎత్తు వల్ల కింద గాలి ఆడడం, మొక్కలు వదిలే చెమ్మ వల్ల ఆ గాలి కొంత చల్లబడడం ప్యానెళ్లకు కూడా మేలే చేస్తాయి. కింద గది వేడి తగ్గడం దీనికి తోడుగా వచ్చే లాభం.

ప్యానెళ్ల నుండి వచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను ఎండలో, వానలో గోడకు తగిలించవద్దు. మెట్ల గది లోపల, గాలి ఆడే చోట పెట్టించండి. ఎర్తింగు విషయంలో చల్క నేలలవారికి, రాతి నేలలవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఏసీ వైపుకు, డీసీ వైపుకు, పిడుగు తీగకు విడివిడిగా మూడు ఎర్తింగు గుంటలు ఉండాలి. మన నేల వేసవిలో బండలా ఎండిపోతుంది, ఎండిన నేలలో ఎర్తింగు ఉన్నా లేనట్లే. మార్చి నుండి వానలు పడేదాకా వారానికి ఒకసారి ఆ గుంటల్లో బిందెడు నీళ్లు పోయండి.

కరెంటు పోయినప్పుడు కూడా సోలార్ పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నెట్ మీటర్‌తో (మనం తీసుకునే కరెంటునూ, మన ఇంటి నుండి లైనుకు పంపే కరెంటునూ రెండింటినీ లెక్కించే మీటరుతో) గ్రిడ్డుకు కలిపిన మామూలు ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషికి మన ఇంటి నుండి వెళ్లే కరెంటు తగలకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. కరెంటు కోతలోనూ ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ వేరుగా తీసుకోవాలి.

ఖర్చు లెక్క, దరఖాస్తు

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీది సోలార్‌కు మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు కేంద్ర సబ్సిడీ వస్తుంది. 3 కిలోవాట్లకు మొత్తం 78,000. అంతకంటే పెద్దది పెట్టుకున్నా సబ్సిడీ అంతే. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలి, పెట్టేవారు పథకంలో నమోదైనవారై ఉండాలి. అపార్టుమెంటు సంఘాలు లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు పెట్టుకుంటే కిలోవాటుకు 18,000 చొప్పున వస్తుంది. అక్కడ మిద్దె అందరిదీ కనుక ముందుగా సంఘం తీర్మానం ఉండాలి.

ఇది మీకు గిట్టుబాటు అవుతుందా అన్నది మీ పాత బిల్లులే చెబుతాయి. నెలకు 350 యూనిట్లు వాడే ఇంటికి మన రాష్ట్రంలో వాడకం పెరిగే కొద్దీ పెరిగే అంచెల ధరల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, తరువాతి 100 యూనిట్లకు 7.70 చొప్పున 770, మిగిలిన 50 యూనిట్లకు 9 చొప్పున 450, వెరసి 2,240 రూపాయలు వాడకం చార్జీలే అవుతాయి. 3 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు సగటున 360 యూనిట్లు ఇస్తాయి కనుక ఈ మొత్తం దాదాపుగా మిగులుతుంది. సబ్సిడీ పోను లక్షా పదివేలు, లక్షా ఇరవై వేలు చేతి నుండి పెట్టినా నాలుగైదేళ్లలో తిరిగి వస్తుంది. ఆ తరువాత కూడా ప్యానెళ్లు పనిచేస్తాయి, వాటి ఉత్పత్తికి సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఇస్తారు. ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో ఒకసారి మార్చవలసి రావచ్చు.

అయితే రేషన్ కార్డు ఉండి, నెలకు 200 యూనిట్లు దాటక, గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాలు సోలార్ కోసం అప్పు చేయడం నాకు సబబుగా తోచదు. వారు ముందు తోటతో, వాననీటితో మొదలుపెట్టి, వాడకం పెరిగినప్పుడు ప్యానెళ్ల గురించి ఆలోచిస్తే సరిపోతుంది. అప్పుడు చట్రం కాళ్లు వచ్చే చోట్లను మాత్రం ఇప్పుడే ఖాళీగా వదులుకోవాలి.

దరఖాస్తుకు కరెంటు బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి. నమోదు పథకపు జాతీయ పోర్టల్‌లో జరుగుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలన్నీ దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనివే. ఎక్కువ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. మీటరు ఇంకా తాతగారి పేరు మీదనో, కాలం చేసిన తండ్రిగారి పేరు మీదనో ఉంటుంది. ప్యానెళ్లకు బేరం చేయకముందే మీటరును మీ పేరుకు మార్పించుకోండి. నెట్ మీటర్ బిగించి, తనిఖీ పూర్తయిన తరువాతనే సబ్సిడీ మీ ఖాతాలో పడుతుంది, కనుక పూర్తి డబ్బు ముందే చేతిలో పెట్టకుండా చివరి విడతను నెట్ మీటర్ తిరిగే వరకు నిలిపి ఉంచండి. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇంటింటికీ సోలార్ పెట్టారు. ఎవరికైనా కళ్లతో చూసి నిర్ణయించుకోవాలనిపిస్తే కల్వకుర్తి వైపు వెళ్లినప్పుడు ఆ ఊరు చూసి రావచ్చు.

మట్టి, మొక్కలు, కార్తెలు

తొట్లలోకి నల్లరేగడి మట్టి వద్దు. తడిస్తే జిగురుగా నీరు పట్టేస్తుంది, ఎండితే పగుళ్లు తీస్తుంది. ఎర్ర చల్క మట్టి నాలుగు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు మూడు పాళ్లు, కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, ఊక ఒక పాలు కలిపి, తొట్టికి రెండు గుప్పిళ్ల వేపపిండి వేయండి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు ఉన్నవారికి ఊక దొరకడం కష్టం కాదు. పల్లి పండే వనపర్తి, అచ్చంపేట వైపువారు పల్లికాయ పొట్టును తొట్ల మీద రెండంగుళాల మందాన కప్పుకుంటే వేసవిలో తడి ఎక్కువ కాలం ఆగుతుంది. పచ్చి పెండ మాత్రం ఎప్పుడూ వేయవద్దు. అది మాగే వేడికి వేళ్లు చస్తాయి, పైగా వేరుపురుగు వస్తుంది.

రోహిణి కార్తెలో తొట్లు నింపి సిద్ధంగా పెట్టుకొని, జూన్ రెండవ వారంలో మృగశిర వానలకు బెండ, బీర, సొర, కాకర, గోరుచిక్కుడు, పుంటికూర గింజలు వేసుకోవాలి. వంగ, టమాట, మిరప నారు కూడా అప్పుడే పోసుకుంటే నెల రోజులకు నాటుకు వస్తుంది. ఇవన్నీ కాయ కాయాలంటే రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి కనుక దక్షిణం, తూర్పు పిట్టగోడల వెంబడి పెట్టండి. అయితే తీగజాతులను ప్యానెళ్లకు దక్షిణాన పందిరెక్కించవద్దు. చలికాలంలో వాటి నీడ ప్యానెళ్ల మీదికి వస్తుంది. బీర, సొర పందిళ్లకు చట్రం ఉత్తరపు వైపు సరైన చోటు. దసరా, దీపావళి మధ్య పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, రెండవ విడత టమాట వేసుకోవచ్చు. మన ఊళ్లలో టమాట బాగా కాసేది ఈ చలికాలంలోనే. మార్చి దాటి ఎండ ముదిరాక పూత రాలిపోతుంది, ఎంత ఎరువు పోసినా కాయ నిలవదు.

వేసవిలోనే ప్యానెళ్ల కింది చోటు విలువ తెలుస్తుంది. చట్రం లేపించిన ఏడాది మా అమ్మ మిద్దె మీదికి వచ్చి, ఆ నీడలో కాసేపు నిలబడి, “ఇంత నీడ పెట్టుకొని ఊకె వదిలిపెడ్తారా బిడ్డా, గీడ పుదీన నాటు, ఎండకు మాడకుండ వస్తది” అన్నది. అప్పటి నుండి మేము ఆరంగుళాల మడిలో పుదీన, దాని పక్కన కొత్తిమీర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి వేస్తున్నాం. ఏప్రిల్‌లో బయట తొట్టిలోని కొత్తిమీర మూడాకులు వేసి పసుపెక్కి పూతకు వచ్చింది. ఎనిమిదడుగుల అవతల, నీడలో వేసిన అదే గింజ జానెడు ఎత్తున, కొసలు నల్లబడకుండా, గిల్లితే వేలికి వాసన అంటుకునేలా పెరిగింది. ఆకుకూరలకు మూడు, నాలుగు గంటల ఎండ చాలు. చట్రం అంచుల నుండి ఉదయం, సాయంత్రం దూరే ఎండ వాటికి సరిపోతుంది. ప్యానెళ్ల కింది చోటు సరిపోకపోతే మిగతా తొట్ల మీదికి మార్చి నుండి జూన్ వరకు 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టండి.

మందుల జోలికి పోవలసిన అవసరం ఇంటి తోటలో అరుదు. ఇరవై లీటర్ల నీటిలో కిలో పెండ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, ఉదయం సాయంత్రం కర్రతో తిప్పితే జీవామృతం తయారవుతుంది. ఒకటికి పదింతల నీళ్లు కలిపి పదిహేను రోజులకొకసారి మొదళ్లలో పోయండి. పేనుబంక, పిండినల్లి కనబడగానే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టండి. ఆ పిచికారీ ప్యానెళ్ల మీద పడకుండా చూసుకోవాలి, నూనె జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది.

నీళ్లు

మన ప్రాంతంలో ఏ పని లెక్కయినా చివరికి నీటి దగ్గరికే వస్తుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో నల్లగొండవారికి చెప్పనవసరం లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడని ఆ ఫ్లోరైడ్ ఇక్కడి గ్రానైటు రాళ్ల నుండి భూగర్భజలంలోకి దిగుతుంది. రాయి తగలకుండా నేరుగా మిద్దె మీద పడే వానలో అది దాదాపు ఉండదు. ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు మొక్కలకూ ప్యానెళ్లకూ కూడా మంచివి కావు. తొట్లలో మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడుతాయి. ప్యానెళ్లను ఆ నీళ్లతో కడిగి ఎండకు వదిలితే ప్రతి చుక్కా ఒక తెల్ల మచ్చగా మిగిలి, కొన్నాళ్లకు గాజు మీద తుడిచినా పోని పొర అవుతుంది.

అందుకే వాననీటిని దాచుకునే ఏర్పాటు సోలార్‌తో పాటే చేయించుకోవాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మనకు ఏడాదికి 600 నుండి 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద, ఐదో వంతు వృథా పోయిందనుకున్నా, 600 మిల్లీమీటర్లకు 45,000 లీటర్లు వస్తాయి. అదంతా దాచడానికి చోటు చాలదు గాని, ప్యానెళ్ల మీద పడే వాన మాత్రం అన్నిటికంటే శుభ్రమైనది. ఆరు ప్యానెళ్ల దక్షిణపు అంచుకు చీల్చిన పీవీసీ పైపును తొట్టెలా బిగించి, వెయ్యి లీటర్ల మూత ఉన్న డ్రమ్ములోకి దింపితే ఏడాదిలో ఏడు వేల లీటర్ల దాకా పట్టవచ్చు. సీజను మొదటి వానను పట్టకుండా వదిలేయాలి, దుమ్మూ పిట్ట రెట్టలూ దానితో పోతాయి. డ్రమ్ము నోటికి దోమల వల కట్టాలి. ఎరువులు వాడే మిద్దె మీది నీటిని తాగడానికి మాత్రం వాడవద్దు, నిండి పొర్లిన దానిని బోరు పక్కన ఇంకుడు గుంతకు పంపించండి.

ప్యానెళ్లను పదిహేను రోజులకొకసారి, మిల్లు ఊక బూడిదో, రోడ్డు దుమ్మో, సిమెంటు దుమ్మో ఎక్కువగా పడే చోట వారానికొకసారి కడగాలి. సూర్యుడు రాకముందే ఈ పని ముగించాలి. కాలిన గాజు మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ఆరు ప్యానెళ్లకు పాతిక లీటర్ల వాననీళ్లు, పొడుగు కర్రకు కట్టిన మెత్తటి గుడ్డ చాలు. సబ్బు అవసరం లేదు కనుక ఆ నీరు అంచు నుండి కారి కిందనున్న పుదీన మడిలో పడేలా చూసుకోవచ్చు. మిగతా తొట్లకు సన్నని డ్రిప్ పైపులు వేసుకుంటే ఊరికి పోయినా తోట ఎండదు.

కోతులు

చివరిగా చెబుతున్నా, మన ఊళ్లలో తోటను అందరికంటే ఎక్కువ నష్టపరిచేది కోతుల గుంపే. అవి తినేదానికంటే విరిచేది ఎక్కువ, ప్యానెళ్ల మధ్య వేలాడే తీగలను కూడా లాగేస్తాయి. తీగలన్నిటినీ గట్టి పైపుల్లో నడిపించమని పనివారికి ముందే చెప్పండి. చట్రం కాళ్లు ఎత్తుగా ఉన్నందువల్ల ఇంకొక సౌకర్యం కలుగుతుంది: ఆ కాళ్లకే నాలుగు వైపులా జీఐ జాలీ (జింకు పూత వేసిన ఇనుప వల) బిగించి, ఒక తలుపు పెడితే ప్యానెళ్ల కింది చోటంతా కోతులు దూరని గది అవుతుంది. జాలీ కంత అంగుళానికి మించకూడదు, లేకపోతే పిల్లకోతి చెయ్యి దూరుతుంది. పైన ప్యానెళ్లకూ జాలీకీ మధ్య సందును కూడా మూసివేయాలి గాని, గాలి ఆగిపోకుండా రేకుతో కాక అదే జాలీతో మూయాలి. జామ, దానిమ్మ వంటి పండ్ల చెట్లు పెట్టాలని ఉంటే ఆ గది బయట పెట్టి ఆశ పడవద్దు.